షాంఘై ఇంపోర్ట్ ఎక్స్‌పోలో గుంటూరు మిర్చి

సరుకు కొనడానికి చైనా వెళ్లేవాళ్లు మన గుంటూరు, విజయవాడల్లో చాలామందే ఉన్నారు. గ్వాంగ్‌జౌలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్ పేరు చెబితే ఫ్యాన్సీ షాపు వాళ్లకి కూడా తెలుసు. షాంఘై ఇంపోర్ట్ ఎక్స్‌పో దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఇక్కడ స్టాళ్లు బయటి దేశాలవి, కొనేది చైనావాళ్లు. 2018లో మొదలైంది, ఏటా నవంబర్ 5 నుంచి 10 వరకు జరుగుతుంది. 2024లో మా సింగపూర్ పార్ట్‌నర్ తీసుకున్న స్టాల్లో ఓ మూల దొరికితే, తేజ రకం మిర్చి అమ్ముదామని వెళ్లాను.

అప్పటికి మన దేశం నుంచి చైనాకి నేరుగా విమానాలు లేవు. హైదరాబాద్‌లో ఎక్కి కౌలాలంపూర్‌లో మారాను. వెళ్లేముందు రెండు పనులు చేసుకోవాలి. ఒకటి, అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో మన వీసా కార్డు కలుపుకోవడం. 200 యువాన్ల లోపు కొంటే అదనపు ఛార్జీ పడదు, కాఫీ దగ్గర్నుంచి ట్యాక్సీ వరకు అన్నీ దాంతోనే. రెండోది ఇంటర్నేషనల్ రోమింగ్. అక్కడి వైఫైలో వాట్సాప్ రాదు, గూగుల్ రాదు. నాకు ఇంటికి ఫోన్ కలిసింది రోమింగ్ పుణ్యమే.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాను. ఎక్స్‌పోకి నడిచి వెళ్లొచ్చని దగ్గర్లోనే ఒక హోటల్ బుక్ చేశా. రాత్రి పన్నెండింటికి చేరితే, రిసెప్షన్ అమ్మాయి పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్లో అనువాదం చేసి చూపించింది: విదేశీయుల్ని తీసుకోం. బ్యాగు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను, చలి ఒకటి. చివరికి ఝోంగ్‌షాన్ పార్క్ దగ్గర రోజుకి 480 యువాన్ల గది దొరికింది. యువాన్ అప్పుడు దాదాపు 12 రూపాయలు. ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలైంది. మెట్రో 2వ లైన్లో ఎక్స్‌పోకి అరగంట కూడా పట్టదు, టికెట్టు ఐదు యువాన్ల లోపే, రాత్రి దిగాక తిండికీ కొదవ లేదు. ఎక్స్‌పో చుట్టుపక్కల ఆ వారం రేట్లు ఆకాశంలో ఉంటాయి.

ఎగ్జిబిషన్ సెంటర్ నాలుగు రేకుల ఆకు ఆకారంలో ఉంటుంది. హాళ్ల నంబర్లు 7.1, 8.2 ఇలా ఉంటాయి, చుక్క తర్వాతి అంకె అంతస్తు. ఇది అర్థం కాక మొదటిరోజు గంటసేపు తిరిగాను. కార్లు, మెడికల్ మెషీన్ల హాళ్లు కళ్లు చెదిరేలా ఉన్నాయి కానీ నాలాంటివాడికి అక్కడ పనేముంది? బాగా వెనకబడిన దేశాలకి కొన్ని స్టాళ్లు ఉచితంగా ఇస్తారు, అవి చూడాలి. అఫ్ఘాన్ తివాచీలు, చిల్గోజా అనే పైన్ చెట్టు గింజలు ఈ ఎక్స్‌పోలోనే చైనావాళ్ల కళ్లలో పడ్డాయి.

శాంపిల్ మిర్చి బ్యాగులో వేసుకెళ్దామంటే కుదరదు, కస్టమ్స్ కాగితాలతో ముందే పంపాలి. మూడోరోజు చైనాలోనే సిచువాన్ రాష్ట్రం నుంచి ఒకాయన వచ్చాడు, హాట్‌పాట్ (మరిగే పులుసులో ఉడికించుకు తినే వంటకం) మసాలా తయారీదారు. మన తేజని అక్కడివాళ్లు ఎస్17 అంటారు. నాలుగు కాయలు తీసి అరచేతిలో విరిచాడు. గింజలు పక్కకి తోసి తోలు వాసన చూశాడు, రంగు కోసం వేలితో రుద్దాడు. నేను ఘాటు గురించి చెబుతూనే ఉన్నా, ఆయన చూపంతా తొడిమ మీదే. తొడిమ తీసిన సరుకు ఎంత ఇవ్వగలవు, తేమ ఎంత, చైనా కస్టమ్స్‌లో మీ ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ నంబరేంటి. అన్నీ ఇవే ప్రశ్నలు. 2022 జనవరి నుంచి అక్కడికి తిండి సరుకు పంపే విదేశీ కంపెనీలకి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా వెళ్తే ఎక్స్‌పో కాస్తా టూరే.

ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టుకున్న కాలేజీ అమ్మాయికి రోజుకి 800 యువాన్లు ఇచ్చాను. ఖర్చుల్లో బాగా గిట్టుబాటైంది ఇదే. 500 విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకెళ్తే 300 పైగా తిరిగొచ్చాయి. అక్కడ అందరూ వీచాట్ (మన వాట్సాప్ లాంటి యాప్) క్యూఆర్ స్కాన్ చేసుకోవడమే.

ముగింపు రోజు 8,001 కోట్ల డాలర్ల ఒప్పందాలని ప్రకటించారు. అవి ఏడాదిలో కొంటామన్న మాటలే, చేతికి వచ్చిన డబ్బు కాదు. నాకు దక్కింది పదకొండు వీచాట్ పరిచయాలు. వాటిలో ఎనిమిది రెండు వారాల్లోనే మూగబోయాయి.

ఫిబ్రవరిలో మిర్చి యార్డుకి కొత్త కాయ దిగినరోజు సిచువాన్ ఆయనకి టిక్కీల (మిర్చి బస్తాల) ఫోటో పంపాను. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది, ఒకటే మాట: తొడిమ?