బీసెంట్ రోడ్డు దుకాణంలో అమరవీరుల టీషర్టులు

విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక దుస్తుల దుకాణంలో అమరవీరుల చిత్రాలు అచ్చువేసిన టీషర్టులు, కాఫీ కప్పులు, కీచైన్లు అమ్ముతున్నారు. కాటన్ బట్ట మెత్తగా ఉంది, ఉతికినా అచ్చు చెదరలేదు. 399 రూపాయలకు ఇది మంచి నాణ్యతే.

అయితే, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించిన సూర్యాపేట బిడ్డ, మరణానంతరం మహావీర చక్ర పొందిన కల్నల్ సంతోష్ బాబు ముఖం ఉన్న చొక్కా చీటీ మీద కొలత, ధర, ఉతికే పద్ధతి ఉన్నాయి గానీ, కుటుంబం అనుమతి తీసుకున్నారో లేదో రాయలేదు. అడుగున సన్నని అక్షరాలలో “అమ్మకాలలో కొంత జవాన్ల సంక్షేమానికి” అని మాత్రం ఉంది. ఆ కొంత ఎంత అని అడిగితే, కౌంటరులోని అబ్బాయి తనకు తెలియదని మర్యాదగానే చెప్పాడు. కీచైన్ల పెట్టెకు “మూడు కొంటే ఒకటి ఉచితం” అని కాగితం అంటించి ఉండటం నన్ను మరింత బాధించింది. దసరా తగ్గింపు సరుకులా బేరానికి పెట్టవలసిన ముఖాలు కావవి.

ఇలాంటివి అమ్మడమే తప్పని నేను అనను. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు, చిన్న జెండాలు ఇచ్చి విరాళాలు సేకరిస్తున్నారు. ఆ సొమ్ము అమరుల కుటుంబాలకు, మాజీ సైనికుల సంక్షేమానికి వెళ్తుందని ఇచ్చేవారికి ముందే తెలుసు. ఈ దుకాణదారు కూడా కుటుంబాల సమ్మతి పత్రాన్ని, సైనిక సంక్షేమ కార్యాలయానికి కట్టిన సొమ్ము రసీదును కౌంటరు దగ్గర పెడితే నేనే మరో రెండు చొక్కాలు కొంటాను. అంతవరకు బట్టకు నాలుగు నక్షత్రాలు, అమ్మే తీరుకు ఒక్కటి.