రెండున్నరేళ్ళు వాడిన మంచం కంచె: పాప పడలేదు, నాకు నిద్ర పట్టలేదు

మా అమ్మాయి ఇరవయ్యో నెలలో ఒక తెల్లవారుజామున మంచం మీద నుంచి దబ్బున పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. ఆ మధ్యాహ్నమే మంచానికి బిగించే వల కంచె ఫోనులో ఆర్డరు పెట్టేశాను. ఆరడుగుల పొడవు, ధర రెండు వేలకు కాస్త తక్కువ. ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు దాటాయి, కంచె విప్పేశాను. కొనాలా వద్దా అని తెలిసినవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి వాడినంత కాలం చూసింది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళంలో అద్దె ఇల్లు. ఐదడుగుల వెడల్పు పెట్టె మంచం, నాలుగంగుళాల కొబ్బరి పీచు పరుపు. ఒక పక్క గోడ, గోడ వైపు నేను, కంచె వైపు పాప. కంచె అడుగున ఎల్ ఆకారంలో రెండు ఇనుప గొట్టాలు ఉంటాయి, వాటిని పరుపు కిందికి తోయాలి. పరుపు బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. మా పరుపు తేలిక. పాప రాత్రంతా కంచెని తన్నుతుంది. వారం తిరిగేసరికి గొట్టాలు జారి, పరుపుకీ కంచెకీ మధ్య చెయ్యి పట్టేంత సందు వచ్చేది. పడటం కన్నా ఆ సందే ప్రమాదం. చిన్న పిల్లలు అందులో జారి ఇరుక్కుంటే ఊపిరి ఆడదు. కంచె వచ్చిన అట్టపెట్టె మీద ఏడాదిన్నర లోపు పిల్లలకు వాడవద్దని రాసింది అందుకే. ప్రతి ఆదివారం పట్టీ లాగి మంచం అవతలి అంచుకి బిగించడం మా ఇంట్లో గ్యాస్ మీట కట్టడం లాంటి అలవాటైపోయింది.

పడకుండా ఆపిందా అంటే, ఆపింది. రెండున్నరేళ్ళలో ఒక్కసారే పడింది, అదీ కాళ్ళ వైపు నుంచి. అక్కడ కంచె ఉండదుగా.

అట్టపెట్టె మీద రాయని సంగతి దోమతెర. ఇక్కడ తెర లేకుండా పడుకోవడం దోమలకి విందు పెట్టడమే. తెర అంచుని పరుపు కిందికి దోపుతాం కదా, కంచె ఉన్న వైపు అది కుదరదు. కంచె లోపల నుంచి దోపితే పాప కాలు తెరలో చిక్కుకుంటుంది, బయట నుంచి వేస్తే తెర చాలదు. చివరికి ఇంకా పెద్ద తెర కొన్నాను. కంచె ధరలో దాన్ని కూడా కలుపుకోండి. ఇంకొకటి, కంచె దించేటప్పుడు గడియ ‘టక్’మంటుంది. అర్ధరాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే ఆ చప్పుడుకి పాప లేస్తుందని కాళ్ళ వైపుకి పాకి దిగేదాన్ని. ముప్ఫై రెండేళ్ళ వయసులో నేను పాకడం మళ్ళీ నేర్చుకున్నాను.

నిద్ర సంగతి వేరు. కంచె పాపని మంచం మీద ఉంచుతుంది, నా మీదికి రాకుండా ఉంచదు. మా అత్తయ్య ఉన్నన్ని రోజులూ పాప తల తూర్పుకి పెట్టి పడుకోబెట్టేవారు. రెండు గంటలయ్యేసరికి తల ఉత్తరానికి, కాళ్ళు నా మెడ మీదికి వచ్చేవి. “ఉత్తరం వైపు తల పెట్టకూడదమ్మాయ్, మీ కంచెకి దిక్కులు తెలియవా?” అని ఆవిడ బాధ. పిల్లల నిద్ర మన నిద్రలా తొంభై నిమిషాలకొక విడత కాదు, చిన్నతనంలో అది ఇంకా తక్కువ ఉంటుంది, విడత మారినప్పుడల్లా ఇలా మెదులుతారు అని మా పిల్లల డాక్టరు గారు చెప్పారు. రోగం కాదని తెలిశాక ఊరట కలిగింది. మెడ నొప్పి మాత్రం తగ్గలేదు.

మా ఆయన ఉద్యోగం విశాఖలో. శనివారం రాత్రి ఆమదాలవలసలో రైలు దిగి ఇల్లు చేరేవారు. ఆ రెండు రాత్రుల లెక్క చూడండి. మంచం అరవై అంగుళాలు, రెండేళ్ళప్పుడు పాప పొడవు 34. పాప అడ్డం తిరిగితే మా ఇద్దరికీ మిగిలేది 26, చెరి 13 అంగుళాలు. వారమంతా ఎదురు చూసిన మనిషి సోమవారం తెల్లవారుజామున రైల్లో నిద్రపోవడానికి పారిపోతున్నట్టు వెళ్ళేవారు. నాలుగేళ్ళు వచ్చేసరికి పాప నలభై అంగుళాలయింది. ఇక లెక్క వేయడం మానేశాను.

పోయిన ఏడాది వానలకి రెండు రాత్రులు కరెంటు లేక, అటక మీది బూరుగు దూది పరుపు దించి ముగ్గురం నేల మీద పడుకున్నాం. పాప గది ఆ మూలకి దొర్లింది, మళ్ళీ వచ్చింది, ఎవరూ లేవలేదు. నేను ఏడు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. తర్వాత ఆ పరుపుని ఏకించి కొత్త గలేబు కుట్టించాం, అప్పటి నుంచి పాపకి అదే. నేలకీ ఇబ్బందులున్నాయి. పొద్దున్నే ఎత్తి ఎండలో వేయకపోతే చెమ్మకి వాసన కొడుతుంది. వానాకాలంలో జెర్రులు వస్తాయని పడుకునే ముందు టార్చి వేసి మూలలు చూస్తాను. కింది అంతస్తు ఇళ్ళలో ఉండేవాళ్ళు ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

మార్కులు వేయమంటే పడకుండా ఆపినందుకు కంచెకి ఐదుకి నాలుగు, ఒకటి ఆ సందుకి కోత. మంచం ఎత్తుగా ఉండి, పరుపు బరువైనదై, నేల మీద పడుకునే వీలు లేకపోతే కొనండి. నిద్ర కోసమని మాత్రం కొనవద్దు. పాత కాలపు కోళ్ళ (చెక్క కాళ్ళ) మంచానికైతే అసలు వద్దు, పట్టెలు అడ్డొచ్చి గొట్టాలు లోపలికి వెళ్ళవు.

విజయనగరంలో మా ఆడపడుచు అడిగితే మొన్న ఇచ్చేశాను. వాళ్ళ బాబుకి పదో నెల. ఇంకో ఎనిమిది నెలలు అటక మీదే ఉంచమన్నాను.