సీసం పరీక్ష స్వాబ్‌లు: కిటికీ చువ్వకు సరే, పసుపు డబ్బాకు కాదు

పిల్లలు పట్టుకుని నిలబడే కిటికీ చువ్వలు, ఊయల కమ్మీలు, గేట్లలో సీసం ఉందో లేదో చూద్దామని కాలనీ సంఘాలు, అంగన్‌వాడీ కమిటీలు మొదట కొనేది ఈ స్వాబ్‌లే, అంటే కొసన దూది ఉండే చిన్న పరీక్ష గొట్టాలే. లోపల రోడిజొనేట్ అనే రసాయనం ఉంటుంది. సీసం తగిలితే గులాబీ రంగుకో ఎరుపుకో తిరుగుతుంది. ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాం. ‘ఉంది’ అని చూపిస్తే కదలాల్సిందే. ‘లేదు’ అని చూపిస్తే మాత్రం నిశ్చింతగా కూర్చోకూడదు.

వాడకం తేలికే. గొట్టంలో రెండు చిన్న గాజు గుళికలు ఉంటాయి. రెండింటినీ నొక్కి చిట్లగొట్టి, రెండుసార్లు ఊపి, కొస నుంచి పసుపు ద్రవం ఊరేదాకా పిండాలి. అప్పుడు 30 సెకన్లు రుద్దాలి. కలిపిన ద్రవం ఒకటి రెండు నిమిషాల్లో బలం కోల్పోతుంది కాబట్టి ముందే చోటు సిద్ధం చేసుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పైపూత మీద రుద్ది వదిలేస్తారు. సీసం అడుగు పొరల్లో ఉండొచ్చు. బ్లేడుతో ఏటవాలుగా, చెక్కో ఇనుమో కనిపించేదాకా గాటు పెట్టి, అన్ని పొరల అంచులూ తడిసేలా రుద్దాలి. రాలిన పొట్టును తడి కాగితంతో ఎత్తేయాలి. ఆ సమయంలో పిల్లలు అక్కడ ఉండకూడదు.

రంగు మారకపోతే కిట్‌తో వచ్చిన కార్డు మీది సీసపు చుక్కకు అదే స్వాబ్ తగిలించి చూడండి. అదీ ఎర్రబడకపోతే స్వాబ్ పాడైనట్టు, ఆ ఫలితం చెల్లదు. పసుపు పచ్చ గేట్ల రంగులో తరచూ లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పదార్థం ఉంటుంది. అది నెమ్మదిగా బయటపడుతుంది కాబట్టి రుద్దిన చోటును మర్నాడు పొద్దున మళ్లీ చూడాలి. ఎర్ర రంగు పూతైతే రంగే దూదికి అంటుకుని మోసం చేస్తుంది. ముందు వెనిగర్‌లో తడిపిన దూదితో రుద్ది, రంగు వదులుతోందేమో చూసుకోండి.

మన ఇళ్లకు అసలు ఇబ్బంది గోడలతో. ప్లాస్టర్‌లోని, పుట్టీలోని జిప్సం ఈ చర్యకు అడ్డుపడుతుంది. ఈ రకంలో పేరున్న లెడ్‌చెక్‌కు కూడా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ గుర్తింపు చెక్కకు, ఇనుముకే ఉండేది, ప్లాస్టర్‌కు కాదు. (2023లో తయారీ కంపెనీ త్రీఎం దాని అమ్మకం ఆపేసింది.) ఆ గుర్తింపుకు పెట్టుకున్న కొలత 5,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 5,000 పాళ్ల సీసం. మన దేశంలో ఇంటి రంగులకు 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్న పరిమితి 90 పీపీఎం. స్వాబ్ ఎర్రబడని రంగు చట్టం దాటి ఉండటానికి ఈ రెండు అంకెల మధ్య బోలెడంత చోటుంది.

ఇత్తడి గిన్నెల కళాయికి ఈ స్వాబ్ బాగా పనికొస్తుంది. పూతకు వాడాల్సింది తగరం. చవకగా కానిచ్చేందుకు సీసం కలిపితే చింతపండు పులుపుకు అది చారులోకి దిగుతుంది. గిన్నె కడిగి ఆరబెట్టి, లోపలి అంచు దగ్గర, అతుకుల మీద రుద్దండి. గులాబీ రంగు వస్తే ఆ గిన్నెలో ఇక వండొద్దు. పసుపు పొడికి, కుంకుమకు మాత్రం స్వాబ్ వాడనేకూడదు. వాటి రంగే ఫలితాన్ని కప్పేస్తుంది. పైగా పసుపులో సీసానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితి 10 పీపీఎం, అంత తక్కువ దీనికి అందదు. నమూనాను ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కు పంపాలి.

ఎర్రబడిన కమ్మీని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దడం, మంటతో కాల్చడం చాలా ప్రమాదం. పొరలో ఉన్న సీసం దుమ్మై, పొగై పిల్లల నోట్లోకి చేరుతుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, తడిపి గోకి, తడి గుడ్డతో తుడిచి, సీసం లేని రంగు వేయించాలి.

ఇవన్నీ వస్తువు సంగతి. పిల్లాడి ఒంట్లో ఎంత చేరిందో చెప్పేది రక్తపరీక్షే. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించితే మూలం వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో తన కొలతను 3.5కు దించింది. రక్తపరీక్ష శిబిరంలో వేలి నుంచి రక్తం తీస్తే, ముందు సబ్బుతో చేతులు కడిగించండి. గోళ్ల సందు దుమ్ము కలిసినా అంకె పెరుగుతుంది. ఎక్కువ వచ్చినవారికి నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చేయించాలి.