స్పిట్‌ఫైర్ మార్క్ 9: టామియానా, ఎయిర్‌ఫిక్సా?

స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం. టామియా, ఎయిర్‌ఫిక్స్ రెండు కంపెనీలూ దాని ప్లాస్టిక్ నమూనా కిట్లు అమ్ముతాయి, ముక్కలు అతికించి రంగులు వేసి మనమే తయారుచేసుకోవాలి. టామియాది 1/32 స్కేలు (అంటే అసలు విమానంలో 32వ వంతు), 2009లో వచ్చింది. ఎయిర్‌ఫిక్స్‌ది 1/24, 2022లో వచ్చింది. అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. కాబట్టి మొదటిది దాదాపు 35 సెంటీమీటర్లు, రెండోది 47. ఆ తేడా కొనేటప్పుడు తెలియదు, తయారయ్యాక బీరువాలో పెట్టబోతే తెలుస్తుంది.

టామియా పనితనమంతా ముక్కు దగ్గరే ఉంది. ఇంజిన్ మీది మూతలు చిన్న అయస్కాంతాలతో నిలుస్తాయి. దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంటాయి, గోటితో లాగితే లోపలి మెర్లిన్ ఇంజిన్ కనిపిస్తుంది. ఎన్నిసార్లు తీసి పెట్టినా విసుగు రాదు, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి! ఒక్కటే చిక్కు: అంచుల మీద రంగు కాస్త మందమైతే మూత సరిగ్గా కూర్చోదు. నేను తొందరపడి రెండు పూతలు ఎక్కువ వేశాను, తర్వాత రెండు సాయంత్రాలు సాండ్‌పేపర్‌తో గీకుతూ కూర్చున్నాను.

ఎయిర్‌ఫిక్స్‌లోనూ మెర్లిన్ ఉంది. సైజు పెద్దది కాబట్టి కాక్‌పిట్‌లో రంగులు వేయడం కళ్లకు సుఖం. నలభై దాటి, కళ్లజోడు వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నాకైతే టామియానే. చోటుంటే, చేతికి ఇంకా అలవాటు కాకపోతే ఎయిర్‌ఫిక్స్ తీసుకోండి.