వీలునామా రాసిన లాయరే అవతలి వాళ్లకు వకాల్తా వేశాడు, జాగ్రత్త

మా జిల్లా కోర్టులో ఆస్తి తగాదాలంటే అందరూ చెప్పే పేరు ఒకటుంది. ఇక్కడ రాయను, రాస్తే రేపే పరువు నష్టం దావా వేస్తాడు. సివిల్ కోర్టు మెట్లెక్కిన వాళ్లకు చెప్పక్కర్లేదు కూడా. ఆ లాయరు దగ్గర వీలునామా రాయించాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇప్పటికే రాయించి కాగితం అక్కడే వదిలేసినవాళ్లు ఇది చదవండి.

నాన్నకు ఉన్నవి రెండు. తెనాలి వైపు పొలం అన్నయ్యకు బతికుండగానే దఖలు రాసి రిజిస్టర్ చేయించారు. ఇల్లు నాకు. టీచరు జీతంతో కట్టుకున్నది, పూర్తిగా స్వార్జితం, ఎవరికి ఇస్తారన్నది ఆయన ఇష్టం. అమ్మ పోయాక ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది నేనూ మావారూ. లాయర్ని ఇంటికి పిలిపించి వీలునామా రాయించింది నాన్నే.

భోజనాల బల్ల మీదే సంతకాలయ్యాయి. నాన్నకు చెయ్యి వణుకుతోంది. ప్రతి పేజీ కిందా ఆగి ఆగి పొట్టి సంతకం, ఆఖరి పేజీలో పూర్తి సంతకం పెట్టారు. సాక్షులుగా లాయరూ, ఆయన గుమస్తా. రిజిస్టర్ చేయిద్దామా అని నాన్న అడిగితే, "అక్కర్లేదు మాస్టారూ, వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని చట్టంలో లేదు. ఒరిజినల్ నా బీరువాలో భద్రంగా ఉంటుంది" అన్నాడు. నాన్న చేతికి ఒక జిరాక్స్ ఇచ్చి వెళ్లారు.

తప్పనిసరి కాదన్నది నిజమే. చెప్పకుండా దాచింది ఇంకోటుంది. వీలునామా మీద గొడవ కోర్టుకెక్కితే, సాక్షి సంతకం పెట్టిన ఇద్దరిలో కనీసం ఒకరు బోనెక్కి "నా ఎదుటే సంతకం చేశారు" అని చెప్పాలి. అంటే నాన్న ఆఖరి మాట నిలబడాలంటే ఆ లాయరో, ఆ గుమస్తానో నోరు విప్పాలి. కాగితమూ వాళ్ల దగ్గరే, సాక్ష్యమూ వాళ్ల దగ్గరే.

నాన్న పోయారు. ఏడాది తిరక్కముందే అన్నయ్య ఇంట్లో సగం వాటా కావాలని భాగ పంపిణీ దావా వేశాడు. సమన్లతో వచ్చిన దావా కాపీ తిరగేస్తుంటే, "మా తండ్రిగారు ఎలాంటి వీలునామా రాయకుండానే మరణించారు" అని ఉంది. ఆఖరి పేజీలో వాది తరఫు న్యాయవాది అంటూ ఈ మనిషి సంతకం, ముద్ర. వీలునామా జిరాక్స్ తీసి పక్కన పెట్టి చూశాను. అదే సంతకం. చివర్లో గీసే అడ్డగీత కూడా అదే.

ఆఫీసుకు వెళ్లాం. క్లయింట్లు నిండుగా ఉన్నారు. ఒరిజినల్ ఇచ్చేయండి అన్నాను. ఫైల్లోంచి తలెత్తలేదు. "ఏ ఒరిజినల్ అమ్మా? మాస్టారు డ్రాఫ్టు వేయించుకున్నారు. సంతకం పెట్టినట్టు నాకైతే గుర్తులేదు" అన్నాడు. జిరాక్స్ ముందు పెట్టాను. చేత్తో పక్కకు జరిపాడు. గుమస్తా వైపు చూశాను. ఆ రోజు సంతకాలయ్యాక మా ఇంట్లోనే భోంచేసి, నాన్నకు మందులు తెచ్చిపెట్టి వెళ్లిన మనిషి, బీరువా వైపు తిరిగి కట్టలు సర్దుకుంటూ ఉండిపోయాడు. అప్పుడు లాయరు అన్న మాట ఇంకా నా చెవుల్లోంచి పోవడం లేదు: "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ కోర్టులు. అన్నయ్య ఎంతో కొంత ఇస్తాడు, నేను మాట్లాడిపెడతాలే." నాన్న నాకు రాసిచ్చిన ఇంట్లో నాకు ఎంతో కొంత ఇప్పించడానికి ఇతనెవరు? అంతమంది ముందు, మా నాన్న సంతకం అబద్ధమన్నట్టు మాట్లాడి, మళ్లీ నా మేలు కోరేవాడిలా!

ఇప్పుడు విజయవాడలో వేరే లాయర్ని పెట్టుకున్నాం. సాక్షిగా పిలవాల్సొస్తుందని తెలిసిన కేసులో లాయరు వకాల్తా తీసుకోకూడదని, ఒక పక్షానికి కాగితాలు తయారుచేసినవాడు అదే విషయంలో అవతలి పక్షానికి వాదించకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోనే ఉందట. అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశాం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాం గానీ ఆ దారి లేదు. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు చెప్పింది. ఒరిజినల్ హాజరుపరచమని నోటీసిచ్చాం. ఇవ్వకపోతే జిరాక్స్‌నే సాక్ష్యంగా పెట్టనివ్వమని కోర్టును అడుగుతాం. సాక్షి గుర్తులేదన్నా ఇతర సాక్ష్యంతో రుజువు చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఎన్నేళ్లు? వీలునామా రుజువు కాకపోతే వారసత్వ చట్టం ప్రకారం చెరి సగం. పొలమంతా తీసుకున్న అన్నయ్యకు ఇంట్లోనూ సగం.

మీ ఇంట్లో పెద్దవాళ్లు వీలునామా రాస్తుంటే రిజిస్టర్ చేయించండి. కదల్లేని స్థితిలో ఉంటే, దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. రిజిస్టరైనా సాక్షి అవసరం తప్పదు, కానీ కాగితం మాయమైపోదు, నకలు ఆఫీసులో ఉంటుంది. సాక్షులుగా లాయరు మనుషుల్ని ఒప్పుకోవద్దు. రాసేవారికంటే వయసులో చిన్నవాళ్లని, మీ ఊళ్లోనే ఉండేవాళ్లని, వాటాతో సంబంధం లేనివాళ్లని పెట్టుకోండి. ఒరిజినల్ మీ లాకర్లో ఉండాలి, లేదా సీలు కవర్లో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు.

ఆ లాయరు బీరువాలో మీ అమ్మానాన్నల వీలునామా ఉందని మీకు తెలిస్తే, వాళ్లు బతికుండగానే, వాళ్లనే వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చేసుకోండి. ఎందుకని అడిగితే కారణం చెప్పక్కర్లేదు. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపితే, ఫీజు కోసం క్లయింటు కాగితాలు లాయరు అట్టిపెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని గుర్తుచేయండి.