కుంకుమ నీలంగా కనిపిస్తే: మా పాత డీవీడీ ప్లేయర్, దాని వైర్లు

2013లో ఒంగోలు ట్రంకు రోడ్డులో కొన్న డీవీడీ ప్లేయర్ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. దాని వెనక పసుపు పిన్ను పెట్టే కాంపోజిట్ సాకెట్టు ఉంది, ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులు పెట్టే కాంపోనెంట్ సాకెట్లు కూడా ఉన్నాయి. ఇన్నేళ్లలో ప్లేయర్ ఒక్కసారీ చెడిపోలేదు. బొమ్మ మాత్రం చాలాసార్లు చెడింది. ప్రతిసారీ తప్పు వైర్ల దగ్గరో, సెట్టింగ్ దగ్గరో దొరికింది.

డబ్బా టీవీ ఉన్నన్నాళ్లు పసుపు, తెలుపు, ఎరుపు వైరు (పసుపు బొమ్మకి, మిగతా రెండూ సౌండ్‌కి) సరిపోయింది. 2019లో ఎల్‌ఈడీ టీవీ తెచ్చాం. ఆ సాయంత్రమే అక్క పెళ్లి డీవీడీ పెట్టమంది అమ్మ. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే బొమ్మంతా సన్నటి చుక్కలు. చూడటానికొచ్చిన మెకానిక్ బోర్డు పోయిందన్నాడు. కొత్త టీవీకి అప్పుడే బోర్డు పోవడమేంటని అమ్మకు ఒకటే టెన్షన్.

ఆ టీవీకి విడిగా పసుపు సాకెట్టు లేదు. ఆకుపచ్చ సాకెట్టే రెండు పనులూ చేస్తుంది. నేను పసుపు పిన్ను అందులోనే పెట్టాను, అది సరైనదే. కానీ టీవీ సోర్స్, అంటే బొమ్మ ఏ దారిలో వస్తోందో చెప్పే సెట్టింగ్, కాంపోనెంట్ మీద ఉంది. పసుపు వైరులో వెలుగు, రంగు కలిసి వస్తాయి. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ వైరుది వెలుగు ఒక్కటే. అందుకని టీవీ మొత్తాన్నీ వెలుగే అనుకుంది, రంగు సిగ్నల్ చుక్కలుగా కనబడింది. రిమోట్‌లో సోర్స్ ‘ఏవీ’కి మార్చగానే అక్క పట్టుచీర ఎర్రగా వచ్చేసింది.

తర్వాత మూడు రంగుల కాంపోనెంట్ వైరు కొన్నాను. ఈ ప్లేయర్ మీద పెట్టిన ఖర్చుల్లో ఇదే మంచి ఖర్చు. పసుపు వైరుతో చూసినప్పుడు చీర జరీ గీతల మీద లేని రంగులు మెరిసేవి, కాంపోనెంట్‌తో అవి పోయాయి.

ఒక దసరాకి ఇల్లు దులిపి మళ్లీ తగిలించేటప్పుడు నీలం, ఎరుపు పిన్నులు తారుమారు చేశాను. పెళ్లికూతురి కుంకుమ నీలంగా, ముఖం నీలి ఛాయలో కనబడింది. మామిడి తోరణం మాత్రం దాదాపు ఆకుపచ్చగానే ఉంది! ఎందుకంటే ఎరుపు వైరులో నడిచేది నేరుగా ఎరుపు రంగు కాదు, ఎరుపుకూ వెలుగుకూ మధ్య తేడా. నీలం వైరులోదీ అలాంటి తేడానే. ఆకుపచ్చకు ఆ రెండు తేడాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, తారుమారైనా పెద్దగా మారదు. కుంకుమ నీలమై ఆకులు ఆకుపచ్చగానే ఉంటే వెంటనే ఈ రెండు పిన్నులు చూడండి.

ప్లేయర్ మెనూలో ‘ప్రోగ్రెసివ్’ (బొమ్మ గీతలన్నీ ఒకే విడతలో పంపే పద్ధతి) ఆన్ చేసి మళ్లీ పసుపు వైరుకు మారితే మా దాంట్లో బొమ్మే రాదు. ముందు మెనూలో ఆఫ్ చేసి, ఆ తర్వాత వైరు మార్చాలి. ఈ ఒక్క విషయంలో ప్లేయర్ మీద నాకు కోపం.

అమెరికా నుంచి అక్క పంపిన పాప పుట్టినరోజు డిస్క్‌దీ ఇలాంటి కథే. డబ్బా టీవీలో అది రంగు లేకుండా, పైకి దొర్లుతూ వచ్చేది. టీవీ సిగ్నల్ పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది: అది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ, మనది 625 గీతల పాల్. ప్లేయర్ టీవీ టైప్‌ను ‘పాల్’కి పెడితే రంగు వచ్చింది, దొర్లడం ఆగింది. కొత్త టీవీ రెండూ తీసుకుంటుంది.

ఇక సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే సన్న జాక్ వైరు, ఒక చివర జాక్, ఇంకో చివర పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు. జాక్ ఒకేలా ఉన్నా లోపల కనెక్షన్ల వరుస అన్నిటికీ ఒకటి కాదు. మాకు పాత కెమెరా వైరు పెడితే బొమ్మ రాలేదు, స్పీకర్లో ‘ఘీ’ మంది. ఎర్ర పిన్ను తీసి పసుపు సాకెట్లో పెడితే బొమ్మ వచ్చింది. జాక్‌లో గ్రౌండ్ (అన్ని సిగ్నళ్లకూ ఉమ్మడి కనెక్షన్) చోటే వేరైతే ఎలా మార్చినా కుదరదు, ఆ బాక్స్‌కి తగిన వైరే కొనాలి.

ఇప్పుడు డిస్క్ ట్రే కాస్త నెమ్మదించింది, రిమోట్ మీద అంకెలు చెరిగిపోయాయి. వైర్లకు టేపు చుట్టి ఏది దేనిదో పెన్నుతో రాసిపెట్టాను. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మే వాటిని చూసుకుని తగిలించుకుంటోంది.