లాంగ్‌మ్యూర్ ప్రోబ్: చాలాకాలం వాడాక

ప్లాస్మాలో, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూ విడివిడిగా తిరిగే వాయువులో, చిన్న తీగ పెట్టి దాని వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే సాధనం లాంగ్‌మ్యూర్ ప్రోబ్. ఆర్గాన్‌లో, 13.56 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ (ఆర్‌ఎఫ్) విద్యుత్తుతో ప్లాస్మా పుట్టించే డిశ్చార్జిలో నేను ఎక్కువగా వాడింది ఒకే తీగ ఉండే సింగిల్ ప్రోబే. 0.3 మి.మీ. టంగ్‌స్టన్ తీగ 10 మి.మీ. మేర బయటికి ఉంటుంది, మిగతాదంతా అల్యూమినా గొట్టంలో. ప్లాస్మాలో ఫలానా చోట ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత (వాటి సగటు శక్తికి కొలత) ఎంతో ఇంత తక్కువ ఖర్చుతో చెప్పే సాధనం నాకు ఇంకోటి కనబడలేదు. అయితే తీగ కొస శుభ్రంగా ఉన్నంతవరకే దాని మాట నమ్మవచ్చు.

కొసకు పలచటి పూత పట్టినా వోల్టేజి పెంచుతూ తీసిన కరెంటు-వోల్టేజి కర్వ్, దించుతూ తీసిన కర్వ్ ఒకదానిమీద ఒకటి పడవు. అందుకే ఎప్పుడూ రెండు వైపులా స్వీప్ చేయాలి, అంటే వోల్టేజిని పైకీ కిందికీ నడపాలి. శుభ్రం చేయడానికి ప్రోబ్‌ను ప్లాస్మా పొటెన్షియల్ (ప్లాస్మాకు స్వయంగా ఉండే వోల్టేజి) కన్నా బాగా పైకి తీసుకెళ్తే చాలు, ఎలక్ట్రాన్ కరెంటుకే కొస ఎర్రబడుతుంది. కొన్ని సెకన్లు మించనివ్వకండి. ప్లాస్మా పలచగా ఉండి కొస వేడెక్కకపోతే మైనస్ 100 వోల్టుల దగ్గర ఉంచి అయాన్ల తాకిడికి వదిలేయాలి. పని అవుతుంది గానీ నెమ్మదిగా.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కర్వ్‌లు విడిపోతే అది ప్రతిసారీ మురికే కాదు. కేబుల్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు ఉండి, 100 వోల్టులను ఒక మిల్లీసెకనులో స్వీప్ చేస్తే ఛార్జింగ్ కరెంటే 10 మైక్రోఆంపియర్లు. పైకి వెళ్లేటప్పుడు ఒక గుర్తుతో, కిందికి దిగేటప్పుడు ఇంకో గుర్తుతో వస్తుంది. ఘన సెంటీమీటరుకు వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్లు, 3 ఎలక్ట్రాన్‌వోల్టుల ఉష్ణోగ్రత ఉన్నచోట ఈ తీగకు వచ్చే అయాన్ కరెంటు సుమారు 25 మైక్రోఆంపియర్లే! ప్లాస్మా ఆపి అదే స్వీప్ తీయండి. అప్పుడూ విడిపోతే తప్పు కేబుల్‌ది. ఆ ఛార్జింగ్ కరెంటును అసలు కొలతలోంచి తీసేయాలి. అదే తీగకు ఎలక్ట్రాన్ కరెంటు 4 మిల్లీఆంపియర్లు దాటుతుంది కాబట్టి రెండింటినీ ఒకే రేంజిలో కొలవాలని చూడకండి.

ఆర్‌ఎఫ్ చోకులు (ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే తీగచుట్టలు) కొసకు వీలైనంత దగ్గరగా ఉండాలి, 13.56 మెగాహెర్ట్జ్‌కూ, దాని రెట్టింపైన 27.12కూ విడివిడిగా. పైన ఒకే విలువ రాసి ఉన్నా రెసొనెన్స్ (చోకు గట్టిగా అడ్డుకునే ఫ్రీక్వెన్సీ) అన్నిటికీ ఒకేచోట రాదు, ఒక్కొక్కటే కొలిచి ఏరుకోవాలి. ఆర్‌ఎఫ్ సరిగా ఆగకపోతే కర్వ్ మలుపు గుండ్రబడుతుంది, ఫ్లోటింగ్ పొటెన్షియల్ (ప్రోబ్‌లో నికర కరెంటు సున్నా అయ్యే వోల్టేజి) కిందికి జారుతుంది, ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

లోహం స్పట్టర్ అయ్యే (అయాన్ల తాకిడికి పరమాణువులుగా ఊడివచ్చే) ఛాంబర్లో గొట్టం మీద పేరుకున్న పొర తీగను తాకిందంటే ఆ పొర కూడా ప్రోబ్‌లో భాగమైపోతుంది, సాంద్రత (ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్ల సంఖ్య) పెరిగినట్టు లెక్క తేలుతుంది. గొట్టం నోటి దగ్గర తీగ చుట్టూ కాస్త ఖాళీ వదలాలి.

ఉష్ణోగ్రతను ధైర్యంగా రాసుకుంటాను. సాంద్రత విషయంలో మాత్రం అయాన్ వైపు లెక్కకూ ఎలక్ట్రాన్ వైపు లెక్కకూ తేడా వస్తూనే ఉంటుంది కాబట్టి ఏ వైపు నుంచి తీసిందో పక్కన రాయడం తప్పనిసరి.

గాజు గొట్టంలో, గ్రౌండ్ అయిన లోహం తగినంత లేనిచోట కరెంటు తిరిగివెళ్లే దారి ఉండదు కాబట్టి సింగిల్ ప్రోబ్ పనికిరాదు. అక్కడ రెండు తీగలుండే డబుల్ ప్రోబ్ పెట్టండి. కాకపోతే దానికి అందేవి ఎక్కువ శక్తిగల ఎలక్ట్రాన్లే, అది చెప్పే ఉష్ణోగ్రత కూడా వాటిదే.